చక్రాల మీద అల్లం బీరు

మా మావగారి ఊరి పెద్దమనుషులు అరవైమంది ముందు పట్టపగలు నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. ఇన్నేళ్ళయినా, గజపతినగరంలో బస్సు దిగగానే ఎవరో ఒకరు "మాస్టారూ, క్యాను తేలేదా?" అని అడుగుతారు. తేలేదండీ అని చెప్పి చెప్పి అలసిపోయాను. జరిగిందంతా ఒకసారి రాసేస్తే, ఇక నుంచి ఆ కాగితం వాళ్ళ చేతిలో పెట్టి నా దారిన నేను పోవచ్చు.

నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు. విజయనగరంలో ఒక హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఇప్పుడూ అదే చెబుతున్నాను గానీ, పీడనం పాఠం దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గుతుంది. ఆ రోజుల్లో ఫోనులో వీడియోలు చూసి ఇంట్లో అల్లం బీరు చెయ్యడం నేర్చుకున్నాను. మీరు కంగారు పడకండి. అల్లం దంచి, బెల్లమూ నిమ్మరసమూ కలిపి, నీళ్ళు పోసి, జాడీకి గుడ్డ కట్టి నాలుగు రోజులు వదిలేస్తే బుసబుసా పొంగే పానీయం అది. సోడాకి సొంత అన్నయ్య. సారాతో ఏ చుట్టరికమూ లేదు. పేరులో మాత్రం బీరు ఉంది. ఆ పేరు కొంప ముంచుతుందని తెలియక నోరారా అలాగే పిలిచేవాణ్ణి. తాగినవాళ్ళందరూ, అంటే నేనూ మా ఆవిడ పద్మా, అద్భుతంగా ఉందన్నాం. నిజం చెప్పాలంటే పద్మ "పర్లేదు" అంది.

మావగారిది గజపతినగరం బజారులో ఇనుప సామాను కొట్టు. ఆ ఏడు కార్తీక వనభోజనాలకి బజారు వర్తకులంతా రామతీర్థం దారిలో ఒక మామిడితోట మాట్లాడుకున్నారు. పెత్తనం మావగారిది. ఆయన దృష్టిలో నేను పాఠం చెప్పగలను గానీ మేకు కొట్టలేను. పెళ్ళయిన కొత్తలో వాళ్ళింట్లో క్యాలెండరు తగిలించబోయి గోడకి పిడికెడంత పెచ్చు ఊడగొట్టిన నాడే ఆ అభిప్రాయం స్థిరపడిపోయింది. దాన్ని ఎలాగైనా మార్చాలని ఫోను చేశాను.

"మావయ్యగారూ, తాగడానికి ఏర్పాటు నాకొదిలెయ్యండి. కుళాయి తిప్పితే గ్లాసులో పడేలా అల్లం బీరు తెస్తాను."

"బీరేటి బాబూ, కార్తీకమాసంలో?"

"అది ఒట్టి అల్లమండీ."

"మరలాగైతే అల్లం నీల్లు అనొచ్చు గదా. బీరనడం దేనికి?"

పేరు సంగతి తర్వాత చూద్దామని ఫోను పెట్టేశాను.

ఇరవై లీటర్ల స్టీలు పాలక్యాను ఒకటి సంపాదించి, వెల్డింగు సన్యాసి దగ్గరికి పట్టుకెళ్ళాను. మూతకి రెండు కన్నాలు పెట్టించాను. ఒకదానికి సైకిలు ట్యూబు వాల్వు. పంపుతో గాలి కొడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. రెండో కన్నంలోంచి క్యాను అడుగుదాకా ఒక గొట్టం. ఒత్తిడికి పానీయం ఆ గొట్టంలో పైకెక్కి కుళాయిలోంచి పడుతుంది. మూత ఎగిరిపోకుండా రబ్బరు వాషరు, చుట్టూ నాలుగు బోల్టులు. మొత్తాన్నీ గ్యాసు సిలిండర్లు తోసే చక్రాల బండికి కట్టించాను.

సన్యాసి అంతా చేసి, కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. "మాస్టారూ, ఇది బాంబేటి?"

"పోర్టబుల్ బీరు డ్రమ్ము."

"అంటే ఏటి?"

"ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్ళొచ్చు."

"ఎవులు తీసుకెల్తారు?"

అప్పుడది ఎగతాళి అనుకున్నాను. క్యాను నిండాక తెలిసింది, చాలా లోతైన ప్రశ్న అని.

ఇంటికి తెచ్చి, నీళ్ళు పోసి, ఇరవైసార్లు పంపు కొట్టి కుళాయి తిప్పాను. చక్కటి ధార! పద్మ వంటింట్లోంచి వచ్చి మరీ చూసింది.

"బాగానే ఉన్నాది. అసలుది పోసి కూడా ఓపాలి సూడరాదా?"

"నీళ్ళయినా బీరయినా ద్రవం ద్రవమే," అన్నాను. ఫిజిక్సు మాస్టార్ని కదా!

ఆదివారం పొద్దున్నే బావమరిది చిన్నారావు ఆటో తీసుకొచ్చాడు. అల్లం బీరు నింపిన క్యాను ఎక్కించేసరికే ఇద్దరికీ చొక్కాలు తడిసిపోయాయి. దారి పొడుగునా గోతులు. ఒక్కో గోతిలో ఆటో ఎగిరినప్పుడల్లా క్యాను లోపల ఎవరో గుటకలు మింగినట్టు చప్పుడు. ఆటో రోడ్డు మీదే ఆగిపోయింది. తోటలోకి రెండువందల అడుగులు దున్నిన నేల. చక్రాలు పది అడుగులు పోయి, ఇక మావల్ల కాదన్నట్టు మట్టిలో కూరుకుపోయాయి. అక్కణ్ణించి శవాన్ని మోసినట్టు మోశాం.

"బావా, దీన్ని పోర్టబుల్ అన్నదెవుడు?"

"నేనే."

"అయితే నువ్వే మొయ్యి," అని చిన్నారావు క్యాను దించి గట్టు మీద కూలబడ్డాడు. నేనూ కూలబడ్డాను. నా ఒంట్లో ఓపిక ఆ రోజుకి అక్కడే అయిపోయింది. తర్వాత చేసిందంతా మొండితనంతో చేసిందే.

తోటలో బీరు కబురు నాకన్నా ముందే చేరింది. కొందరు పెద్దలు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. నూనె కొట్టు తాతగారు మాత్రం మెల్లగా పక్కకి చేరి, చెవిలో అడిగారు.

"బాబూ, నిజం సెప్పు. ఒట్టి అల్లవేనా?"

"ఒట్టి అల్లమేనండీ."

"సుక్కయినా నేదా?"

"లేదండీ."

ఆయన ముఖం ఎండిన తమలపాకైంది. ఆ విధంగా బీరేమోనని సగంమందికీ, బీరు కాదని మిగతా సగంమందికీ నేను శత్రువునయ్యాను.

చెట్ల కింద వరసగా విస్తళ్ళు వేసి వడ్డన మొదలుపెట్టారు. నేను ఇరవైసార్లు పంపు కొట్టి, మావగారి వైపు ఓసారి చూసి, కుళాయి తిప్పాను. నురగ వచ్చింది. మరో గ్లాసు పెట్టాను. మళ్ళీ నురగే. తాతగారు గ్లాసు వంచి చూసి, "సబ్బు నీల్లేటి ఇయ్యి?" అన్నారు.

అసలు విషయం ఇప్పుడు మీకు చెబుతాను. అల్లం బీరులో గ్యాసు దానంతటదే పుడుతుంది. ఎండలో పెట్టి, గోతుల్లో కుదిపితే ఇంకా రెచ్చిపోతుంది. దానికి పంపు కొట్టడమంటే, కోపంతో ఊగిపోతున్నవాణ్ణి చెంప మీద కొట్టడమే. కానీ నాకు అప్పుడు తోచిందేమిటి? ధార రావడం లేదంటే ఒత్తిడి చాలలేదని! మరో నలభైసార్లు కొట్టాను.

"బావా, ఇప్పటికే బుస్సుమంతన్నాది. ఇంకా కొడతావేటి?"

"నీకు తెలీదు, ఊరుకో."

ఇంతలో అల్లం పీచు గొట్టంలో అడ్డం పడింది. ఇక నురగ కూడా లేదు. గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే మంచినీళ్ళ బిందె వైపు వెళ్ళిపోయారు. నేను పంపు మీద వాలిపోయాను. తోట మొత్తంలో దాహంతో చచ్చిపోతున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు మావగారు స్పానరు పట్టుకుని వచ్చారు. "తప్పుకో బాబూ."

"మావయ్యగారూ, ముందు గాలి తియ్యాలండీ..."

"ఇనప సామాను నాకు సెప్తావేటి?" అని ఒక బోల్టు విప్పారు. రెండోది విప్పారు.

మూత ఆ పక్కకి లేచింది. గోధుమరంగు ఫౌంటెను ఒకటి మావగారి చెవి పక్కనుంచి మామిడికొమ్మల్లోకి దూసుకుపోయింది. అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. ఆ కొమ్మల్లో ఆకులు కుట్టుకుని కాపురముంటున్న ఎర్రచీమలు, గూళ్ళకి గూళ్ళే, అల్లం వానతో సహా పంక్తి మీద రాలాయి.

లక్షల వ్యాపారాలు చేసే పెద్దమనుషులు, పట్టుపంచెలు కట్టుకున్నవాళ్ళు, ఒక్కసారిగా లేచి గెంతులు మొదలుపెట్టారు. ఒకరు కండువా దులుపుతున్నారు, ఒకరు పంచె దులుపుతున్నారు, తాతగారు ఏకంగా చొక్కా విప్పేసి పరిగెత్తారు. మావగారు మాత్రం కదల్లేదు. మీసాలనిండా అల్లం పీచుతో, చేతిలో స్పానరుతో, నన్నే చూస్తూ నిలబడ్డారు. మెడ మీద చీమ పాకుతున్నా దులుపుకోలేదు. ఆ చూపు కంటే చీమలే నయమనిపించింది.

అంతా సద్దుమణిగాక అత్తగారు సాంబారు గరిటె పట్టుకుని వచ్చారు. మిగిలిన రెండు బోల్టులూ విప్పించి, క్యానులోకి తొంగి చూశారు. అడుగున కొంత మిగిలి ఉంది. గరిటెతో ముంచి, గుడ్డలో వడకట్టి, గ్లాసుల్లో పోసి తలా కాస్త ఇచ్చారు. తాగినవాళ్ళు మళ్ళీ చెయ్యి చాచారు. మావగారు కూడా తాగారు. చుక్క మిగల్చకుండా గ్లాసు ఖాళీ చేశారు.

అత్తగారు ఎంతో మర్యాదగా నన్నడిగారు. "రుసి బాగుంది బాబూ. ముందే మూత తీసి గరిటెతో పోసేస్తే పోయేది గదా?"

బి.ఎస్సీ., బి.ఎడ్. చదివినవాణ్ణి. నేనూ ఒక గ్లాసు తీసుకుని ఆవిడ గరిటె ముందు పట్టాను.

కాబట్టి పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ. ఈ జన్మలో ఇక ఏ ద్రవాన్నీ పైకెక్కమని బతిమాలను. వంచితే పడేదాన్ని వంచే పోస్తాను, ముంచితే వచ్చేదాన్ని ముంచే తీస్తాను. ఊపిరి ఉన్నంతకాలం గరిటెకీ, భూమ్యాకర్షణకీ బద్ధుణ్ణై ఉంటానని, ప్రస్తుతం అగ్ని అందుబాటులో లేనందున, ఆనాటి ఎర్రచీమల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.