ఆగుదాం డాక్టరు గారి తొందర

మా ఆసుపత్రి మచ్చల డాక్టరు గారికి వచ్చిన మాట ఒక్కటే: "ఆగుదాం." కాలిన మచ్చ, తెగిన మచ్చ, కుట్లు వేసిన మచ్చ, ఏది తెచ్చి చూపించినా వేలితో ఓసారి నొక్కి, కళ్ళజోడు పైకెత్తి చూసి, "బాగుంది, ఆగుదాం" అనేవారు. ఆ మచ్చల్ని కోసి సరిచెయ్యడానికే తనకు జీతమిస్తున్నారన్న సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో! ఆసుపత్రంతా ఆయన అసలు పేరు మర్చిపోయి ఆగుదాం గారనే పిలిచేది.

నేను మత్తు డాక్టర్ని. నన్ను ఆయన ఆపరేషన్ థియేటర్‌కి వేసిన రోజే నా ఖర్మ కాలింది. పొద్దున్నే టోపీ, మాస్కు తగిలించుకుని, గ్యాసు సిలిండర్లు సరిచూసుకుని సిద్ధంగా కూర్చుంటానా, ఓపీ నుంచి ఫోను: "మేడమ్, ఆ కేసు కాస్త ఆగుదాం." ఆ థియేటర్లో మత్తు అవసరం లేకుండా హాయిగా నిద్రపోయింది నేనొక్కదాన్నే. మనవలకి స్వెట్టర్లు అల్లాను. మనవలు అయిపోయాక సిస్టర్ల పిల్లలకి అల్లాను. ఎండాకాలంలో కూడా అల్లుతుంటే జనం నన్ను అదోలా చూడటం మొదలెట్టారు.

ఒకసారి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు. బైకు మీంచి పడితే గడ్డం మీద అడ్డంగా గీత పడింది. ఇంకా ఎర్రగానే ఉంది.

"వచ్చే నెల పెళ్ళి సార్. ఎలాగైనా తీసెయ్యాలి."

"పెళ్ళి ఆగుతుందా?"

"అయ్యో, ఎలా ఆగుతుంది సార్! హాలు కూడా మాట్లాడేశాం."

"అయితే మచ్చే ఆగాలి. చూడు నాయనా, మచ్చ చంటిపిల్ల లాంటిది. ముందు ఎర్రగా ఉంటుంది, తర్వాత మొండికేస్తుంది, ఏడాది తిరిగేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. ఇప్పుడు కోశాననుకో, పెళ్ళి ఫోటోల్లో గీత బదులు కట్టు పడుతుంది."

కుర్రాడు ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఏడాది దాటాక భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరు గారు గడ్డం ఎత్తించి, "ఎక్కడయ్యా?" అన్నారు. అతను అద్దంలో వెతుక్కున్నాడు. భార్య వెతికింది. పనీపాటా లేనిదాన్ని కాబట్టి నేనూ వెళ్ళి వెతికాను. అందరం కలిసి వెతగ్గా వెతగ్గా చెవి కింద ఒక దోమకాటు దొరికింది.

ఇది ఆసుపత్రికే పరిమితం కాదు. క్యాంటీన్లో టీ కప్పు ముందు పెట్టుకుని చల్లారేదాకా ఆగేవారు, చల్లారిపోయిందని మళ్ళీ వేడి చేయించేవారు. లిఫ్టులో నలుగురుంటే తర్వాతి లిఫ్టుకి ఆగేవారు. వాళ్ళావిడని అడిగాను ఒకసారి, "ఈయనతో ఎలా వేగుతున్నారండీ?" అని. "పెళ్ళి మాట నేనే ఎత్తాను కాబట్టి సరిపోయింది. ఆయనే ఎత్తుతారని చూసుంటే ఇంకా మా పుట్టింట్లోనే ఉండేదాన్ని" అంది.

సూపరింటెండెంటు గారికి ఒళ్ళు మండిపోయింది. ఓ రోజు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, "థియేటర్ ఉన్నది ఈవిడ స్వెట్టర్లు అల్లుకోవడానికా?" అని నన్ను కూడా కలిపి చీవాట్లు పెట్టారు. మాట మధ్యలో చొక్కా కింద భుజం గోక్కున్నారు. అంతే, ఆగుదాం గారి కళ్ళు మెరిశాయి.

"చొక్కా ఓసారి తీస్తారా సార్?"

భుజం మీద చింతగింజంత మచ్చ, ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. ఎప్పుడో గడ్డ కోసిన చోటట. "మంచిది, ముందు నాకే కోసి చూపించండి" అన్నారు సూపరింటెండెంటు గారు పంతంగా.

"ఈ రకాన్ని ఊరికే కోస్తే రెట్టింపై కూర్చుంటుంది సార్. ముందు మచ్చలోకే ఇంజెక్షన్లు ఇచ్చి అణిచేద్దాం. ఆగుదాం."

ఆ ఇంజెక్షన్ నొప్పి ఎలాంటిదంటే, కేక కింది అంతస్తులో వినపడింది. నెలకోసారి ఆ కేక విని మేం క్యాలెండరు తిప్పేవాళ్ళం. మచ్చ అణిగింది, సూపరింటెండెంటు గారు కూడా అణిగారు.

నేను మాత్రం ఊరుకునేదాన్ని కాదు. "పేషెంట్లందరికీ నూనె రాసి మర్దనా నేర్పించి పంపుతున్నారు. మనది ఆసుపత్రా, తలంటు కొట్టా?" అని దెప్పేదాన్ని.

"కోస్తే మచ్చ పోదు కదా మేడమ్. పాతది పోయి కొత్తది వస్తుంది. కాస్త సన్నగా, చర్మం ముడతలో కలిసిపోయేలా వస్తుంది, అంతే. ఆ మాత్రం దానికి మనిషి ముఖం మీద కత్తి పెట్టేముందు ఆగొద్దూ?"

ఈ మాటలు ఎవరూ నమ్మలేదు. చెయ్యి వణుకుతోందట, అందుకే తప్పించుకుంటున్నారట అని వార్డు సిస్టర్ నా చెవిలో ఊదింది. నేను అవునని అనలేదు కానీ, కాదని కూడా అనలేదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఓపీకి భార్యాభర్తలు వచ్చారు. ఆమెది బట్టలు ఉతికే ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆవిరి గొట్టం పగిలి కుడి బుగ్గ కాలిందట. పుండు మానింది కానీ, మచ్చ గట్టిపడి, ముడుచుకుపోయి, కింది రెప్పని బుగ్గ మీదికి లాగేసింది. రెప్ప లోపలి ఎరుపు బయటికి కనిపిస్తోంది.

"కళ్ళు మూసుకోమ్మా" అన్నారు డాక్టరు గారు.

"మూసుకున్నానండీ" అంది. ఎడమ కన్ను మూతపడింది. కుడి కన్ను తెరుచుకునే ఉంది.

"నిద్రలో కూడా ఇంతే సార్" అన్నాడు భర్త. "మెలకువొచ్చి చూస్తే నావైపే చూస్తుంటుంది. నిద్రపోయిందో, నా మీద నిఘా పెట్టిందో తెలిసి చావదు."

"నిఘా పెట్టేంత మొనగాడివి మరి!" అంది ఆమె. నవ్వబోతే ఆ కంట్లోంచి నీళ్ళు కారాయి.

"కాలి ఎన్నాళ్ళయింది?"

"అయిదు నెలలు సార్. మీరు ఏడాది దాటందే ఏ మచ్చా ముట్టుకోరని అందరూ చెప్పారు. ఊరికే వచ్చి మిమ్మల్ని విసిగించడమెందుకని ఇంటి దగ్గరే ఆగాం. నిన్నటి నుంచి చూపు మసకగా ఉందంటోంది. ఏవైనా చుక్కలు రాసిస్తారేమోనని వచ్చాం."

ఆగుదాం గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను ఆగమంటానని... ఆగారా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

కంటి డాక్టరు గారు పరుగున వచ్చి చూశారు. మూతపడక నల్లగుడ్డు తడారిపోయిందనీ, పైపొర గీసుకుపోవడం మొదలైందనీ, ఇంకా లోతుకి పోలేదు కానీ ఇలాగే వదిలేస్తే చూపు దక్కదనీ చెప్పారు. భర్త కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, ఇవాళే!" అన్నారు ఆగుదాం గారు.

"ఏమిటి ఇవాళే?"

"ఆపరేషనండీ బాబూ! ఏం తిన్నావమ్మా?"

"ఇందాకే బ్రెడ్డు తిన్నానండీ."

"అయితే మధ్యాహ్నం దాకా మత్తు ఇవ్వను. ఆగాలి" అన్నాను. ఆయనకి ఆ మాట చెప్పాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"ఆగడమేమిటి మేడమ్, కన్ను పోతుంటే!"

"కడుపులో బ్రెడ్డుంటే ఊపిరికే మోసం వస్తుంది. వెళ్ళి కూర్చోండి."

కూర్చుంటే కదా! ఆమె కంట్లో మందు వేయించి, తడి ఆరకుండా మూత పెట్టించి, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నారు. గడియారం చూడటం, నన్ను చూడటం. చివరికి నేనే జాలిపడి, వేళ కాగానే కబురు పెట్టాను.

మత్తు ఇచ్చాక నా ఒక కన్ను మానిటర్ మీద, ఇంకో కన్ను ఆయన చేతుల మీద. వణుకుతాయేమోనని నా భయం. వణకడమా! బిగుసుకుపోయిన మచ్చని ఆయన మెల్లగా విడదీస్తుంటే రెప్ప దానంతటదే పైకి లేచి తన చోటికి వచ్చింది. కింద ఖాళీ పడిన చోట, చెవి వెనక నుంచి తీసిన చర్మం ముక్కని కొలిచి అతికించారు. కుట్లు వెంట్రుకంత సన్నం. ఎన్నో థియేటర్లు చూశాను, అంత ముచ్చటైన చెయ్యి చూడలేదు. పని చేస్తున్నంతసేపూ ఆయన కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "ఇంత చెయ్యి పెట్టుకుని ఇన్నాళ్ళూ మమ్మల్నెందుకు కూర్చోబెట్టారు సార్?"

ఆయన సిగ్గుపడ్డారు. "కత్తి పట్టుకోవడమంటే నాకు పిచ్చి మేడమ్. మచ్చ కనపడితే చాలు, చేతులు ఊరుకోవు. అందుకే 'ఆగుదాం' అని నాకు నేనే చెప్పుకుంటాను. చాలామందికి నేను కోస్తే సరదా తీరేది నాకే, నొప్పి వాళ్ళకి." తర్వాత తల దించుకున్నారు. "కానీ నాకు నేను చెప్పుకున్న మాట ఆ అమ్మాయి విని ఇంట్లో కూర్చుంది."

నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో అంత కోపమూ వచ్చింది. "దిగులుపడితే సరిపోదు, బోర్డు పెట్టించండి" అని కసిరాను. మర్నాటికల్లా ఓపీ గుమ్మం పక్కన బోర్డు వెలిసింది: "కన్ను మూతపడకపోయినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, మెడ తిరగకపోయినా, వేళ్ళు చాపలేకపోయినా ఒక్క రోజు కూడా ఆగకండి. తలుపు తోసుకుని లోపలికి రండి."

కట్టు వారం దాకా విప్పకూడదు. కదిలితే అతికించిన చర్మం అంటుకోదు. ఆ వారం ఆయన్ని ఆపడం వార్డు సిస్టర్‌కి తలకు మించిన పనైంది. పొద్దునా సాయంత్రం వచ్చి, కట్టు అంచు దగ్గర తల అటూ ఇటూ తిప్పి తొంగిచూడబోతే, "సార్, చెయ్యి తీయండి" అని గద్దించేది.

కట్టు విప్పే రోజు నేనూ వెళ్ళాను. పనుండి కాదు, ఉండలేక. చర్మం గులాబీ రంగులో చక్కగా అంటుకుంది. కంటి డాక్టరు గారు లైటు వేసి చూసి, పైపొర మానిందన్నారు. ఆగుదాం గారు కుట్లు తీసి, "ఇప్పుడు మూసుకోమ్మా" అన్నారు.

ఆమె మెల్లగా కళ్ళు మూసుకుంది. "చీకటిగా ఉంది సార్" అంది.

డాక్టరు గారు కొయ్యబారిపోయారు.

"చీకటా? ఎందులోనమ్మా? ఏ కన్ను?"

"రెండింట్లోనూ సార్! కట్టు లేకుండా, నా అంతట నేను మూసుకుంటే చీకటి!" అని ఆమె పకపకా నవ్వింది.

అమ్మయ్య! గదిలో అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం. భర్త వంగి ఆ రెప్పనే చూస్తూ, అది వినకూడదన్నట్టు గుసగుసగా, "నిజంగా మూసుకుంది సార్" అన్నాడు.

"ఇక తెరువమ్మా, చూపు పరీక్షించాలి" అన్నారు కంటి డాక్టరు గారు.

"కాసేపు ఉండండి సార్, బాగుంది" అంది ఆమె, కళ్ళు మూసుకునే.

ఆగుదాం గారు స్టూలు లాక్కుని, ఆమె ఎదురుగా తీరిగ్గా కూర్చున్నారు.