అదరని స్పీకర్లు

మొన్న మా అపార్ట్‌మెంటు బ్లాక్ కింద ఎవరో పారేసిన చెక్క స్పీకరు చూడగానే, జురాంగ్ వెస్ట్ పేటలో, మా చిన్నప్పటి ఫ్లాట్లో మాతో ఉండే నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు చెవుడు, పక్కనే నిలబడి అరవాలి. పాటలొస్తుంటే మా పాత చెక్క స్పీకర్లలో ఒకదాని మీద అరచేయి ఆనించి కూర్చునేది. దాన్ని దీవిస్తోందనుకునేదాన్ని.

కంప్యూటర్ ఉద్యోగంలో బోనసు రాగానే నాన్న ఆ పాత స్పీకర్లను వదిలించుకుని, సబ్బుపెట్టెలంత వెండిరంగు జత తెచ్చాడు. వచ్చినవాళ్లందరి దగ్గరా ఒకటే గొప్పలు.

నాయనమ్మ చేయి పెట్టి చూసింది. "పాట పెట్టరా."

"పెట్టానమ్మా! ఫుల్ సౌండు!"

"మరి అదరదేంరా?"

"లేటెస్ట్ మోడలమ్మా! అదరకూడదు!"

"తగలెట్టు నీ మోడలు."

అంత చదివినవాడికి తల్లి అడిగిందేమిటో బుర్రకెక్కలేదు. ఆ తర్వాత హాల్లో పాటలు మోగుతుంటే, ఆమె వంటింట్లో అదురుతున్న వాషింగ్ మెషీన్ మీద చేయి ఆనించి కూర్చునేది. మేమంతా నవ్వేవాళ్లం, సిగ్గులేని నవ్వు.