పట్టిన క్యాచ్, పోయిన మ్యాచ్

ఆ కరోనా రోజుల్లో మనుషులకి మనుషులే కరువు. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ చదువుతున్న నాకు పొద్దున గోదాములో పార్సిళ్లు మోయడం, మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాసులో కునికిపాట్లు పడడం, ఇంతే లోకం. (కెమెరా ఆపేసి గురక పెట్టేవాణ్ణి, మైకు సంగతి మరిచిపోయి.) రూమ్మేటు "బావా" అంటాడే గాని పేరు పెట్టి పిలవడు. నా పేరు వినిపించేది వారానికి ఒక్కసారి, ఒక్కచోటే, బేస్‌బాల్ మైదానంలో. చుట్టుపక్కలున్న అమెరికా సైనికుల పుణ్యమా అని ఆ ఊళ్లో ఆ ఆట ఉంది. గల్లీ క్రికెట్ ధైర్యంతో నేనూ చేరితే, కోచ్ తాత నన్ను మైదానం చివర, అవుట్‌ఫీల్డ్‌లో నిలబెట్టాడు. "అంత దూరం కరోనా కూడా రాదులే," అన్నాడు.

క్లబ్బు గదిలో నూరేళ్ల నాటి ఫొటో ఉండేది. అప్పటి మహమ్మారిలో మూతికి గుడ్డ కట్టుకుని ఆడిన ఒక అమెరికా అవుట్‌ఫీల్డర్. ఆటే ఆయన ఉద్యోగమట. ఒకసారి చేతిలో పడ్డ బంతి వదిలేస్తే మర్నాడే ఇంటికి పంపేశారట. ఆ కథ చెప్పి తాత జట్టు జాబితా తీశాడు. "మైదానంలో మనుషుల్ని తగ్గించమన్నారు. ఆదివారం మ్యాచ్ అయ్యాక ఒక పేరు కొట్టేస్తాను." ఆ ఒక్క పిలుపూ పోతే నేనేమైపోవాలి?

ఆదివారం వచ్చింది. మోసిన పెట్టెలకి భుజాలు పచ్చిపుండ్లలా ఉన్నాయి. చివరి ఘట్టం, స్కోరు సమానం, అవతలి జట్టువాడొకడు పరుగుకి ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ దగ్గర కాచుకుని ఉన్నాడు. బంతి ఆకాశానికి లేచి నా వైపే వచ్చింది. పరిగెత్తాను, రొప్పాను, అమ్మతోడు, పట్టేశాను! క్యాచ్ పడితే మనవాళ్లం ఏం చేస్తాం? బంతిని పైకి విసిరేసి, "అవుట్!" అని అరిచి, వాటేసుకోవడానికి రెండు చేతులూ చాచాను. దగ్గర్లో ఒక్క మనిషి లేడు. దూరంగా అందరూ నా పేరే అరుస్తున్నారు. అబ్బ, ఎంత హాయిగా ఉందో! (బేస్‌బాల్‌లో క్యాచ్ పట్టినా ఆట ఆగదు, బేస్ మీదున్నవాడు పరిగెత్తొచ్చు, బంతి వెంటనే విసరాలి. తాత నెల రోజులుగా చెబుతున్నదే. బుర్రకి తెలుసు, చేతులకే తెలియదు.) వాళ్లు బాల్ విసరమని మొత్తుకుంటున్నారని నాకు అర్థమయ్యేసరికి మూడో బేస్‌వాడు తాపీగా నడిచి పరుగు పూర్తి చేశాడు, మ్యాచ్ పోయింది.

"క్యాచ్ మాత్రం బాగుంది," అని తాత నిట్టూర్చి నా పేరు మీద గీత గీశాడు.

గదికొస్తే రూమ్మేటు పప్పు తాలింపు వేస్తూ, "ఏంది బావా, బాల్ వదిలేశావా?" అన్నాడు.

"పట్టుకున్నా రా."

"మరి ఆ ఏడుపు మొహం దేనికి?"

"ఫొటోలో ఆయన వదిలేసి ఇంటికెళ్లాడు. నేను పట్టుకుని ఇంటికొచ్చా."

వాడు నా కంచంలో ఒక గరిటె పప్పు ఎక్కువే వేశాడు.

ఇప్పుడు ఉద్యోగం, పొట్ట రెండూ వచ్చాయి. అలసట మాత్రం అలాగే ఉంది. ఒక్కోసారి ఆ ఎండలో చేతులు చాచుకుని, వాటేసుకునే దిక్కులేక నిలబడ్డ ఆ వెర్రివాడు గుర్తొస్తాడు. వెళ్లి వాణ్ణి గట్టిగా కౌగిలించుకోవాలనిపిస్తుంది. కౌగిలించుకుని, "ముందు బాల్ విసరరా నాయనా!" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది.