కోడిపిల్లలను కాచిన కాయిన్ మిషన్

తిరుమలగిరిలో కోమల నాటుకోళ్ల గురించి తెలియని వాళ్లు తక్కువ. పత్తి ఏరే కూలి మానేసి, పెరటి గదిలో కోడిపిల్లలను పెంచి అంగట్లో అమ్మడం మొదలుపెట్టిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఎవరి కోడి జబ్బుపడ్డా ముందు ఆమెకే కబురు పోతుంది.

కిందటి చలికాలం ఆమెకు పెద్ద దెబ్బే తగిలింది. కోడిపిల్లల వెచ్చదనానికి వేలాడదీసిన బల్బులు తెల్లవారుజామున మాడిపోయాయి. చలికి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక చచ్చిపోయాయి. కోమల వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారీ అలాగే జరిగితే మళ్లీ పత్తి చేలకు పోవడం తప్ప దారి లేదు.

ఆమె భర్త డానియల్‌ది సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. మంచివాడే, కొత్త వస్తువు కనబడితే మాత్రం చేయి ఆగదు. హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న బిట్‌కాయిన్ మిషన్ కొనుక్కొచ్చి వరండాలో పెట్టాడు. చూడటానికి చెప్పుల డబ్బా అంత. అది ఆగకుండా ఏవో లెక్కలు చేస్తుంది, అందుకు కూలిగా డానియల్ ఖాతాలో కాయిన్ ముక్క పడుతుంది. రొద మాత్రం పిండిగిర్నీ అంత! ఎండాకాలం దాని సెగకు ఇంటిల్లిపాదీ వేపచెట్టు కిందే కాపురం పెట్టారు. పైగా వచ్చే కాయిన్ కంటే కరెంటు బిల్లే ఎక్కువ.

“గిది పైసలు తెస్తాందా, మన పైసలు తింటాందా?” అని కోమల నిలదీసింది.

“జర ఆగు కోమలా, రేటు పెరుగుతది.”

“క్రిస్మస్ దాక చూస్త. పండుగ ఎల్లంగనే పాతసామాన్ల సాయిలుకు అమ్ముత.”

అన్నంత పనీ చేసే మనిషి కదా, సాయిలుకు అప్పుడే చెప్పి పెట్టింది కూడా.

డిసెంబరు చలి మొదలైంది. ఒక పొద్దున కోమల చూస్తే గంప పక్కకు ఒరిగి ఉంది, కింద తల్లికోడీ లేదు, పిల్లలూ లేవు. వెతుక్కుంటూ వరండాలోకి వస్తే, మిషన్ వెనక వేడిగాలి కొట్టే చోట కోడి దర్జాగా పడుకుని ఉంది. పిల్లలు దాని రెక్కల కిందికి కూడా దూరకుండా హాయిగా తిరుగుతున్నాయి.

“ఇగో, జర ఇటు రా! గీ కోడికున్న తెలివి మనకు లేకపాయె!” అని కోమల డానియల్‌ను కేకేసింది.

డానియల్ ఆ రోజు దుకాణం తెరవలేదు. నూనె డబ్బాలు కత్తిరించి గొట్టం చేశాడు, గోడకు కన్నం పెట్టి వేడిగాలిని కోళ్ల గదిలోకి మళ్లించాడు. వేడి ఎంత వదలాలో కోమల గొట్టం ముందు చేయి పెట్టి చెప్పింది. కాయిన్ కోసం మాత్రమే అయితే ఆ మిషన్ నష్టమే. కానీ కోడిపిల్లలకు ఎలాగూ కరెంటు కాల్చాలి. ఇప్పుడు అదే కరెంటు కాయిన్‌నూ తెచ్చింది, పిల్లలనూ కాచింది.

“మీ ఆయన కాయిన్లు పొదుగుతుండా?” అని ఎగతాళి చేసిన పక్కింటి నాగరాణి, ఆ చలిలో తన కోడిపిల్లల గంప కూడా తెచ్చి ఆ గదిలోనే పెట్టుకుంది. గదిలో ఒక్క పిల్ల కూడా చావలేదు. ఈకలొచ్చాక అంగడికి తీసుకెళ్తే మధ్యాహ్నానికే కోమల గంపలు ఖాళీ అయ్యాయి. ఆనందం పట్టలేక ఆమె దారి పొడవునా డానియల్‌తో మాట్లాడుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు సాయిలు బండి ఉంది.

“ఏందక్కా, పండుగ ఎల్లినంక రమ్మంటివి?”

డానియల్ ముఖం వాడిపోయింది. కోమల లోపలికి వెళ్లి, కిందటేటి బల్బులూ వైర్లూ మూట గట్టుకొచ్చి బండిలో పడేసింది.

“గివి తీస్కపో తమ్మీ. గా మిషన్ నాది.”