తలుపు తట్టి చూసిన కాలేజీలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ధర్మవరంలో మా ఇంటి వసారా నాది కాదు. నేను సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఎవరి పిల్లను ఎక్కడ చేర్పించాలన్నా తల్లిదండ్రులు ముందు నా దగ్గరికి వస్తారు. ఇంటరా, డిప్లొమానా? కదిరిలోనా, హిందూపురంలోనా? వాళ్ళకంటే ముందు కాలేజీల పీఆర్వోలు వచ్చి వాలతారు, రంగురంగుల కాగితాలు పట్టుకుని. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. "మీ పిల్లల్ని మా కాలేజీకి పంపండి సార్, మిమ్మల్ని మేం చూసుకుంటాం" అని పళ్ళికిలించిన ఒకణ్ణి చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా తరిమాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

నేను చెప్పబోయేది మాత్రం నవ్వే సంగతి కాదు. ఆ వేసవి తర్వాత ఏ హాస్టల్లో అడుగుపెట్టినా నా చెవులు నా మాట వినవు.

ఆ ఏడు మా వీధి చివర పట్టుచీరలు నేసేవాళ్ళ చిన్నకూతురు స్కూల్లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేయాలని ఆ పిల్ల కోరిక. ఆ కోర్సు ధర్మవరంలో లేదు. రోజూ రైల్లో పోయి రావాలంటే వేళలు కుదరవు. హాస్టల్లో ఉండాల్సిందే. చిక్కంతా అక్కడే. ఆ ఇంటి పెద్దకూతురు అంతకు కొన్నాళ్ళ ముందే ఎక్కడో దూరాన ఒక కాలేజీ హాస్టల్లో జ్వరంతో చనిపోయింది. రాత్రి జ్వరం ఎక్కువైంది, తెల్లవారి చూస్తే ప్రాణం లేదు. ఇంటికి ఒక్క ఫోనైనా చేయలేదు మహానుభావులు. వాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నా నోట మంచి మాట రాదు.

నేను మాట్లాడదామని వెళ్తే వాళ్ళ నాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే తేల్చేశాడు. "హాస్టలనే మాట మా ఇంట్లో ఎత్తొద్దు సార్. చదివింది చాలు. ఈడనే మగ్గం నేర్చుకుంటాది."

పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. ఆ తండ్రిని ఏమని తప్పుపట్టను?

ఆ వారంలోనే తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆయప్పను ఒప్పించేది నా పని సార్. ముందు నేను కండ్లతో చూడల్ల. నువ్వు తోడు రా. యాడ నా మనసుకు పడితే ఆడ చేర్పిద్దాం. పడకుంటే బిడ్డ ఇంట్లోనే ఉంటాది."

ముగ్గురం పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగాం. అక్కడొక ప్రైవేటు కాలేజీ. గేటు దగ్గరే అద్దాల మేడ. మేనేజరు ల్యాబ్ చూపించాడు, ఏసీ చూపించాడు, ఫ్యాక్టరీలో ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫోటోలు చూపించాడు. ఆమె దేన్నీ చూడలేదు. హాస్టల్ చూపించమంది. పైఅంతస్తులో ఒక గదిలోకి పోయి, "మీరంతా మెట్ల కాడ నిలబడండి" అని లోపల్నుంచి తలుపు మూసుకుంది.

కాసేపటికి తలుపు మీద తట్టడం వినిపించింది. గట్టిగా కాదు, వేళ్ళతో, మెల్లగా. వరండాలో కుర్చీ వేసుకున్న వార్డెన్ ఫోను చూసుకుంటోంది. తల ఎత్తలేదు. సీనియర్ పిల్లలు పక్కనుంచే నడిచిపోయారు. తట్టడం ఆగింది, మళ్ళీ మొదలైంది. మేనేజరు నవ్వాడు. "ఏం సార్, ఆయమ్మకు గడియ తీసేది రాదా?"

నాకు తలకొట్టేసినట్టయింది. బయటికి రాగానే రోడ్డు మీదే అందుకున్నాను. "ఏమ్మా, కాలేజీ చూడ్డానికొచ్చామా, తలుపులు ఊడదీయడానికొచ్చామా? చదువెట్లా చెప్తారో ఒక్క ముక్క అడిగావా?"

"తలుపు తట్టి నేను అడిగినా సార్" అంది ఆమె. బస్టాండులో కూర్చున్నాక చెప్పింది. "మగ్గం ఆడేటప్పుడు మా ఇండ్లలో నోటి మాట వినపడదు. గుంతలో కూర్చున్నోళ్ళకు నీళ్ళు కావల్లన్నా, ఒంట్లో బాగలేకున్నా చెక్క మీద తడతారు. ఎంత సద్దులో ఉన్నా మాకు తెలుస్తాది. చేతిలో పని ఇడిసిపెట్టి పోతాం. నా బిడ్డలకు అరిచేది రాదు సార్. పెద్దది ఆ రాత్రి వార్డెన్ తలుపు తట్టింది. అరవల్యా. తడితే వస్తారనుకునింది. పక్క రూము పిల్ల దినాలకొచ్చి చెప్పింది, గాలికి తలుపు కొట్టుకుంటాందనుకున్యా ఆంటీ, అని."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. హిందూపురం దాకా ఆ బస్సులో వదులైన కిటికీ అద్దాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఒక్కో చప్పుడుకూ నేను వెనక్కి తిరిగి చూశాను.

ఉండబట్టలేక పక్కనున్న పిల్లతో అన్నాను. "నీకేదన్నా అయితే గట్టిగా అరువు తల్లీ."

"సరే సార్."

"సరే కాదు. ఇప్పుడు అరువు, చూద్దాం."

అటూ ఇటూ చూసి నోరు తెరిచింది. "సార్" అంది. ముందు సీట్లో మనిషి తల కూడా తిప్పలేదు. ఉద్యోగమంతా పిల్లల్ని గమ్మునుండండి అని కసిరినవాణ్ణి, ఆ రోజు ఒక్క అరుపు కోసం బతిమాలాను. రాలేదు.

హిందూపురంలో డిప్లొమా కాలేజీ ఆడపిల్లల హాస్టల్ చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. సున్నం పెచ్చులుగా ఊడుతోంది, నీళ్ళ ట్యాంకు కారుతోంది. ఆమె మళ్ళీ ఒక గదిలోకి పోయి తలుపు మూసుకుంది. మేమిద్దరం మెట్ల దగ్గర ఉన్నాం. తట్టింది. ఎవరూ రాలేదు. మళ్ళీ తట్టింది. నేను దేవుణ్ణి అడిగేవాణ్ణి కాను. ఆ రోజు అడిగాను, ఎవరినో ఒకరిని పంపు స్వామీ అని. ఆగలేక నేనే అడుగు వేయబోతే పిల్ల నా చొక్కా పట్టుకుంది.

"మనం పోకూడదు సార్."

అప్పుడు కింద బట్టలు ఉతుక్కుంటున్న ఒక సీనియర్ పిల్ల పైకొచ్చింది. చేతుల నిండా సబ్బు నురగ. మమ్మల్ని దాటుకుని పోయి తలుపు నెట్టింది. "ఏమి కావల్ల ఆంటీ? నీళ్ళు తెద్దునా?"

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవురూ పంపల్యా. తట్టిండేది వినపడింది, వచ్చినా."

ఆ తల్లి ఆ సబ్బు చేతులు పట్టుకుని ఏడ్చింది. హాస్టలంతా పరుగెత్తుకొచ్చేలా ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాను. చాలాసేపటికి ఆమె బయటికొచ్చి అంది, "ఈడే సార్."

ఆ సాయంత్రం ధర్మవరం తిరిగొచ్చాక పిల్ల నాయన కాలేజీ గురించి ఏమీ అడగలేదు. "తలుపు తీసిన ఆ పాపది ఏ ఊరు?" అన్నాడు. మడకశిర పక్కన పల్లె అని చెప్పాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "చల్లగుండనీ. పంపిద్దాం సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు కమ్మగా నిద్ర పట్టింది. ఒక మంచి పని చేశాననుకున్నాను.

దసరా ముందు పనిమీద హిందూపురం పోయి, హాస్టల్ దగ్గర ఆగాను. పిల్ల మెట్లు దిగి వచ్చింది. చిక్కిపోయింది, కళ్ళ కింద నలుపు. పరీక్షల్లో క్లాసులో తనే ఫస్టని చెప్పింది. తిండి బాగుందంది. అక్కలంతా బాగా చూసుకుంటారంది.

"మరి నిద్రపోతున్నావా?"

"తలుపు పక్క మంచం అడిగి తీసుకున్యా సార్."

"అక్కడెందుకమ్మా? వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు నిద్రపోనిస్తారా? లోపలి మంచం అడుగు, కావాలంటే వార్డెన్‌తో నేను చెప్తాను."

"లోపలైతే వినపడదు సార్."

"ఏం వినపడాలి?"

తెలియదా అన్నట్టు నా ముఖం చూసింది.

"అక్క తట్టేది. దినామూ తడతాది సార్. నేను లేసి తలుపు తీసేతలికి ఉండదు."