పుస్తకానికి రెండు చేతులు

గురువారం ఉదయం భవానీపురంలో బస్సు కోసం నిలబడి ఉండగా మా టీచరు గారి కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారు తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. నిద్రలోనే. మీ పుస్తకాల గ్రూపులో మీరే చెప్పండి, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అంది. నాకు మాత్రం ఆడాయా! ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది. అక్కడే బెంచీ మీద కూర్చుని, నాలుగు మాటలు టైపు చేయడానికి చాలాసేపు పట్టింది.

ఆవిడ నాకు పాఠం చెప్పిన టీచరు కాదు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యి, మా వీధిలోనే ఉండేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఎవరైనా నడుం వాల్చే వేళకి ఆవిడ ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి మా కోసం చూస్తూ ఉండేవారు. అదే మా బుక్ క్లబ్. అందరికీ ఒకే పుస్తకం, వచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒక పేజీ పైకి చదవాలి. ఇంట్లో చదువుకొచ్చి అభిప్రాయం చెప్పి వెళ్ళిపోతామంటే కుదరదు. "మీ అభిప్రాయం ఎక్కడికీ పోదు లెండి, ముందు చదవండి" అనేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇన్సూరెన్సు ఆఫీసులో వారమంతా కాగితాలు చదివేదాన్ని, ఆదివారం కూడా బడిపిల్లలా చదివిస్తారేమిటని. కొన్నాళ్ళు పోయాక, ఇంకొకరి గొంతులో విన్న పేజీలే నాకు ఎక్కువ గుర్తుంటున్నాయని తెలిసింది. ఆ మాట ఆవిడతో అంటే నవ్వి, కారప్పూస ప్లేటు నా వైపు జరిపారు.

కరోనా వచ్చి ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నాక, కొండపల్లి నుంచి వచ్చే రిటైర్డ్ ఇంజనీరు గారు వీడియో కాల్‌లో కలుద్దామన్నారు. మొదటి ఆదివారం మా మొహాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. టీచరు గారి గడిలో మాత్రం సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది.

"టీచరు గారూ, ఫోన్ కాస్త నిలబెట్టండి. మాకు ఫ్యాన్ కనిపిస్తోంది" అన్నారు ఇంజనీరు గారు.

"కనిపించనివ్వండి. పుస్తకానికి రెండు చేతులూ కావాలి. ఇక ఫోన్‌కి ఏ చెయ్యి మిగిలిందండీ?"

కోడలు ఫోన్ స్టాండు తెప్పించి ఇచ్చింది. దాని మీద ఆవిడ కళ్ళజోడు పెట్టుకునేవారు. చదవనివాళ్ళు మ్యూట్‌లో ఉండాలని ఇంజనీరు గారు రూలు పెట్టబోతే, "నా గదిలో ఎప్పుడైనా మిమ్మల్ని నోటికి గుడ్డ కట్టుకుని కూర్చోమన్నానా?" అని కొట్టిపారేశారు. దాంతో కుక్కర్ విజిళ్ళ మధ్య, కొండపల్లి రైలు కూతల మధ్య చదువుకున్నాం. ఫ్యాన్‌తోనే మాట్లాడాం. పేజీ తిప్పేటప్పుడు ఆవిడ మోచెయ్యి కనిపించేది. బాగా నవ్వొచ్చి ముందుకు వంగితే తెల్లటి పాపిడి కనిపించేది. అంతే.

కాల్‌లో పెట్టడం వల్లే చల్లపల్లి అక్క మాకు పరిచయమైంది. ఆమె టీచరు గారి దగ్గర చదువుకున్నదే. పదో తరగతితో ఆపేసి, పెళ్ళయి చల్లపల్లి వెళ్ళింది. మంచం పట్టిన అత్తగారిని వదిలి విజయవాడ రావడం కుదిరే పని కాదు. ఫోన్ తీసి కూర్చుంటే చాలని టీచరు గారే పిలిచారు. అక్క ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఒక్క పేజీ కూడా చదవలేదు. తన వంతు రాగానే "నెట్ సరిగ్గా రావట్లేదు టీచర్ గారూ" అనేది. అప్పటిదాకా శుభ్రంగా కనిపిస్తూ, వినిపిస్తూ ఉన్న మనిషి!

"సరేనమ్మా, వచ్చే వారం బాగుంటుందిలే" అనేవారు టీచరు గారు. ప్రతి వారం అదే మాట, అదే గొంతు. నేనైతే రెండో వారానికే ఏదో ఒకటి అనేసేదాన్ని.

ఉండబట్టలేక ఒకరోజు ఆవిడ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి అడిగేశాను. "నెట్టూ లేదు గిట్టూ లేదు, తప్పించుకుంటోందండీ."

"తెలుసమ్మా. బళ్ళో ఒకసారి చదవమంటే తడబడింది. క్లాసంతా ఒకటే నవ్వు. అప్పుడు క్లాసులో ఉన్నది నేనే. పిల్లల్ని కేకలేసి కూర్చోబెట్టాను గానీ, ఆ పిల్ల మళ్ళీ లేచి చదవలేదు."

"అయితే అడగడం మానేయొచ్చుగా?"

"మానేస్తే నీకు వంతు లేదు పొమ్మన్నట్టు అవదూ? నేను అడుగుతూనే ఉంటాను. లేదంటూనే ఉండనీ, నష్టమేముంది?"

ఆ పిల్లకి అప్పటికి నలభై దాటాయి. ఒక మనిషి కోసం ఇంత తొందర లేకుండా ఎదురుచూడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

రోజులు మామూలయ్యాక మళ్ళీ ముందు గదిలో కుర్చీలు పడ్డాయి. "హమ్మయ్య, ఇక ఈ ఫోన్ గోల ఉండదు. అందరం వచ్చేశాం" అన్నారు ఇంజనీరు గారు.

"చల్లపల్లి రాలేదుగా" అన్నారు టీచరు గారు. టీపాయ్ మీద కారప్పూస పక్కన ఫోన్ వెల్లకిలా పెట్టి కాల్ కలిపారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ అది అక్కణ్ణుంచి కదల్లేదు. వంతు గదంతా తిరిగి ఫోన్ దగ్గరికి వచ్చినప్పుడు, ఆవిడ వంగి మరీ అడిగేవారు. నెట్ బాగుండేది కాదు.

మొన్న ఆదివారం ఆ గదికి వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎవరి ఇళ్ళలో వాళ్ళం కూర్చుని ఫోన్లలోనే కలిశాం. ఇంజనీరు గారు టీచరు గారి గురించి నాలుగు మాటలు రాసుకొచ్చి, సగంలోనే కాగితం మడిచేశారు. సగం చదివిన నవల నా ఒళ్ళో ఉంది. నీ వంతు అని చెప్పే మనిషి లేదు. ఇప్పుడు ఎవరో ఒకరు "ఉంటానండీ" అంటారు, దాంతో మా క్లబ్ కూడా అయిపోతుంది అనుకున్నాను. భయం వేసింది.

"ఈరోజు నెట్ బాగుందండీ" అంది చల్లపల్లి అక్క. "నేను చదువుతాను."

ఆమె మొహం తెర మీంచి జారిపోయి, ఫ్యాన్ కనిపించింది. పుస్తకం తెరిచిన చప్పుడైంది. మొదటి వాక్యంలోనే తడబడింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

కాసేపటికి కొండపల్లి గడిలో ఇంజనీరు గారి మొహం పోయి ఫ్యాన్ వచ్చింది. తర్వాత ఇంకొకరిది. నేనూ ఫోన్‌ని బల్ల మీద పడుకోబెట్టి, పుస్తకాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. తెర నిండా ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఒక్కోటి ఒక్కో వేగంతో. అక్క తన పేజీ అయిపోయినా ఆపలేదు. మేమూ ఆపమనలేదు.