మాత్రలు మానేసినవాళ్లు

మందుల షాపు అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఆవిడ మాత్రం ఒప్పుకోదు. ఇరవై ఏళ్లుగా చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టిందే తప్ప తనకు కోపమెక్కడిదంటుంది.

బాగుందని మాత్రలు మానేసేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఎదురు వరుసలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ వాళ్లలో మొదటివాడు. రెండు నెలలు బీపీ మాత్రలు వేసుకుంటాడు. కొలిపిస్తే మామూలుగా ఉందంటారు. ఇక తనకు జబ్బే లేదని మూడో నెల ఇటు తొంగి చూడడు, నాలుగో నెల తల పట్టుకుని వస్తాడు. మాత్ర వేసుకున్నావు కాబట్టే మామూలుగా ఉంది నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. తిట్టీ తిట్టీ చివరికి కవరు మీద ‘రోజూ పొద్దున ఒకటి’ అని రాసి, కింద రెండు గీతలు గీసి ఇస్తుంది.

ఇంత తెలిసిన మనిషి సొంత తమ్ముడి దగ్గర ఏం చేసిందో చూడండి.

తమ్ముడు ఇళ్లకు రంగులు వేస్తాడు. మంచి పనిమంతుడు, కానీ పదేళ్లుగా తాగుతాడు. అక్క ఒట్లు వేయించుకుంది, నెలల తరబడి మాట్లాడటం మానేసింది. ఆఖరికి మరదలు పోరు పెట్టి ఆస్పత్రిలో చూపించింది. ఇది బుద్ధి లేక చేసే పని కాదమ్మా, జబ్బు, ఏడాదిపాటు మాత్రలు వాడాలి, నెలనెలా నా దగ్గరికి రావాలి అన్నాడు డాక్టరు. అక్క తలూపింది. నమ్మిందా అంటే, లేదు.

అయిదు నెలలు అతను చుక్క ముట్టలేదు. బాగయ్యావుగా, ఇంకా ఈ మాత్రలేంటి, నలుగురి కంటా పడితే పరువేం కాను, మగాడివి మాట మీద నిలబడు అని అక్కే మాన్పించింది. ఆస్పత్రికి ఎందుకు వెళ్లేవాడని అడిగినవాళ్లకి కడుపులో పుండని చెప్పింది.

ఆరు వారాలకు మళ్లీ తాగాడు. నిచ్చెన మీద చేతులు వణుకుతున్నాయని మేస్త్రీ పనిలోంచి పంపేశాడు. మరదలు వచ్చి, “నా వల్ల కాదు వదినా. రేపు పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతున్నా” అంది. అక్క తమ్ముడికి ఫోను చేసి, నా గడప తొక్కొద్దంది.

మర్నాడు పొద్దున, షాపు కిటకిటలాడే వేళ, వరసలో దర్జీ, అతని వెనక తమ్ముడు. దర్జీని ఎప్పటిలాగే ఏడు తరాలు కలిపి తిట్టి, రెండు గీతలు గీసి కవరు చేతిలో పెట్టింది. తమ్ముడు డాక్టరు రాసిన పాత చీటీ బల్ల మీద పెట్టాడు. తాగిన వాసన గుప్పుమంది.

“ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?”

“ఆయన్ని తిట్టినట్టే నన్నూ తిట్టక్కా,” అన్నాడు మెల్లగా. “కానీ ఆయన్ని తిట్టి మాత్రలిచ్చావు. నన్ను తిట్టి మాన్పించావు.”

అక్కకి ముందు తమ్ముడి మీద కోపం వచ్చింది, తర్వాత డాక్టరు మీద. ఎటు తిప్పినా ఆ కోపం తన దగ్గరికే వచ్చి కూర్చుంది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు మరింత కోపమొచ్చింది. తాగిన ఒంటికి నేనివ్వను, డాక్టరు చూడాల్సిందే అని విసుక్కుంటూ తాళాలు తీసుకుంది. మరదలికి ఫోను చేసి, ఒక్క పూట ఆగవే, వాణ్ణి నేను ఆస్పత్రికి తీసుకెళ్తున్నా అంది.

షట్టరు సగం దించేసరికి జనం గొణిగారు. బేరాల వేళ ఎక్కడికమ్మా అన్నాడు దర్జీ. కడుపులో పుండు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“మా తమ్ముడికి జబ్బు తిరగబెట్టింది. ఆస్పత్రికి.”

“ఏం జబ్బు?”

“తాగుడు,” అంది అందరికీ వినపడేలా. “నీలాగే మధ్యలో మాత్రలు ఆపేశాడు. కాదు, నేనే ఆపించాను.”

దర్జీ కవరు జేబులో పెట్టుకుని, షట్టరు రెండో చివర పట్టుకుని కిందికి లాగాడు.